క్లాసులో పాఠం సార్ చెప్పాలా, పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవాలా?

హన్మకొండ_అమ్మ:
అందరికీ నమస్తే. మా పాప తొమ్మిదో తరగతి, ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో. స్కూల్ పేరు రాయను, అడగొద్దు. ఈ ఏడు కొత్తగా వచ్చిన లెక్కల సార్ క్లాసును అయిదుగురు చొప్పున గ్రూపులు చేసి, గ్రూపుకో లీడర్‌ను పెట్టారు. ఆయన పావుగంట బోర్డు మీద చెప్పి, మిగతా పీరియడ్ అంతా లీడర్లతోనే చెప్పిస్తారట. మా పాప ఒక లీడర్. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు పడేసి "గొంతు పోయింది మమ్మీ" అంటది. మా ఆయనేమో చెప్తేనే చదువు వస్తది, నువ్వు ఊరుకో అంటారు. నాకు మాత్రం ఫీజు కట్టేది మేము, పాఠం చెప్పేది మా పిల్లా అనిపిస్తోంది. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. అడగాలా, ఊరుకోవాలా? అడిగితే పిల్ల మీద కోపం పెట్టుకుంటారేమోనని ఇంకో టెన్షన్. టీచర్లు ఎవరన్నా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దీనివల్ల నిజంగా లాభం ఎవరికి?

కాజీపేట_జంక్షన్:
అడగండక్కా, మొహమాటం దేనికి. మావోడి స్కూల్లో కూడా ఇదే నడిచింది. లీడర్ పిల్ల బోర్డు మీద రాస్తుంటే సార్ కుర్చీలో కూచుని ఫోన్ చూసుకునేటోడు. దానికి పెట్టిన పేరు మాత్రం పెద్దది, యాక్టివిటీ బేస్డ్ ఏదో.

బీటెక్_బ్యాక్‌బెంచ్:
ఆంటీ, మీ పాపకే లాభం. పిరమిడ్ బొమ్మ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది కదా, లెక్చర్ వింటే 5 శాతం గుర్తుంటది, చదివితే 10, వేరేవాళ్ళకు చెప్తే 90 శాతం అని. సైన్స్ అది. మీ పాప 90లో ఉంది, వినేవాళ్ళు 5లో ఉన్నారు. ఫీజు వాళ్ళ అమ్మానాన్నలు అడగాలి అసలు 😀

పరకాల_లెక్కల_సార్:
తమ్ముడూ, ఆ పిరమిడ్‌ను మా ట్రైనింగుల్లో కూడా స్లైడు వేసి చూపిస్తారు, చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎడ్గార్ డేల్ అనే అమెరికా ప్రొఫెసర్ 1946లో తన పుస్తకంలో ఒక శంకువు బొమ్మ వేశాడు. అందులో ఒక్క శాతం కూడా లేదు. అంకెలు తర్వాత ఎవరో తగిలించారు, వాటి వెనుక ఫలానా ప్రయోగం ఉందని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. అయినా 5, 10, 20, 30, 50, 75, 90 అని అంత గుండ్రంగా ఏ కొలత వస్తుంది చెప్పు. పదో తరగతి పిల్లాడు ప్రాజెక్టులో ఇట్లాంటి రీడింగులు రాసుకొస్తే ఇంట్లో కూచుని రాశావు కదరా అంటాం.

అట్లాగని చెప్పడం వల్ల లాభం లేదని కాదు, ఉంది, బాగానే ఉంది. 2014లో అమెరికాలోనే ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠం ఇచ్చి, సగం మందికి మీకు పరీక్ష ఉంటుంది అన్నారు, సగం మందికి మీరు దీన్ని ఇంకొకరికి చెప్పాలి అన్నారు. చివరికి ఎవరితోనూ చెప్పించలేదు, అందరికీ పరీక్షే పెట్టారు. చెప్పాలి అనుకుని చదివినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది, ముఖ్యమైనవి కూడా వాళ్ళే ఎక్కువ పట్టుకున్నారు. ఎందుకంటే ఇంకొకరికి చెప్పాలంటే ఏది ముందు, ఏది వెనక, ఏది లేకపోతే ఏది అర్థం కాదు అని వరస వేసుకోవాలి. పరీక్షకైతే ఆ బాధ లేదు, గుర్తుపెట్టుకుంటే చాలు. ఇక నిజంగా చెప్పడం మొదలుపెట్టాక ఇంకోటి జరుగుతుంది. వచ్చు అనుకున్న చోట నోరు ఆగిపోతుంది. ఆ ఆగిన చోటే మనకు రానిది.

అమ్మా, మీ అసలు ప్రశ్నకు వస్తాను. మీ పాప నిజంగా చెప్తుంటే మీ పాపకు నష్టం లేదు. చెప్పడం పేరు మీద తన నోట్స్ అందరికీ ఇచ్చి రాయిస్తుంటే మాత్రం టైం దండగ, ఆమెకూ వాళ్ళకూ. మీటింగ్‌లో "మా పాపతో ఎందుకు చెప్పిస్తున్నారు" అని అడగకండి. "వినే నలుగురు ఆ టైంలో ఏం చేస్తారు సార్" అని అడగండి. జవాబు దగ్గరే తెలిసిపోతుంది ఆయన ఏ రకమో.

బీటెక్_బ్యాక్‌బెంచ్:
సార్ బొమ్మ డిలీట్ చేస్తున్నా. మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది కూడా.

హన్మకొండ_అమ్మ:
సార్, థాంక్స్. రాత్రి పాపను కూచోబెట్టి అడిగాను. గ్రూపులో ఇద్దరు వింటారట, మధ్యలో అడుగుతారట కూడా. ఒకబ్బాయి "నీ నోట్స్ ఇటివ్వు" అని లాక్కుని కాపీ చేసేస్తాడట. ఇంకో అమ్మాయి అసలు మాట్లాడదట, అర్థమైందా అంటే తల ఊపుతదట, స్లిప్ టెస్ట్‌లో మాత్రం సున్నా. ఆ అమ్మాయికి నేను చెప్పలేను మమ్మీ, ఏం అడగదు అంటోంది. ఆ మాట అన్నప్పుడు నాకే పాపం అనిపించింది, అది పిల్ల మోసే బరువా?

తండా_నుండి_టౌన్‌కు:
అక్కా, ఆ మాట్లాడని అమ్మాయి గురించి ఒక మాట. చదువు రాక కాకపోవచ్చు. మాది మహబూబాబాద్ వైపు తండా. ఇంట్లో మేం మాట్లాడేది గోర్ బోలి, అంటే లంబాడా భాష. బళ్ళో సార్ తెలుగు. మూడో తరగతి దాకా నేను కూడా తల ఊపే బ్యాచే, ఎందుకంటే సార్ ఏం అడిగాడో సగం అర్థం కాదు, అర్థం కాలేదు అని చెప్పడానికి కూడా తెలుగు కావాలి కదా. మా తండా నుంచే అయిదో తరగతి చదివే అన్న ఒకడు ఇంటర్వెల్‌లో పక్కన కూచుని మా మాటల్లో చెప్పేవాడు, పుస్తకంలోది పుస్తకంలా కాకుండా. నాకు భాగహారం నేర్పింది ఆ అన్న. రిజిస్టర్‌లో మాత్రం సార్ పేరు ఉంటది.

ఇప్పుడు ఇంకా కష్టమైంది. 2022 నుంచి సర్కారు బళ్ళలో వరసగా ఇంగ్లిష్ మీడియం పెట్టుకొచ్చారు. పుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మంచిదే. కానీ కోయ పిల్లకు, లంబాడా పిల్లకు ఆ రెండు పేజీలూ బయటి భాషే. వాళ్ళకు పక్క పిల్ల చెప్తేనే ఎక్కుతది, అది ఏ పద్ధతి అని పేరు పెట్టినా సరే. మీ పాపను అడగండి, ఆ అమ్మాయి ఇంట్లో ఏం మాట్లాడుతుందో తెలుసా అని.

హన్మకొండ_అమ్మ:
ఇది నాకు తట్టనే లేదు తమ్ముడూ. అడుగుతాను.

రిటైర్డ్_బడిపంతులు:
ఆలస్యంగా చూశాను. ఇదేదో కొత్త పద్ధతి అన్నట్టు మాట్లాడుతున్నారు గనక పాత కథ కొంచెం చెప్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మన వీధి బడుల్లో పంతులు ఒక్కడే. ఇసుకలో అక్షరాలు దిద్దే చిన్నవాళ్ళకు పెద్ద పిల్లలే దిద్దించేవాళ్ళు. ఎక్కాలు ఒకడు నిలబడి పలికితే మిగతా వాళ్ళు అందుకునేవాళ్ళు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ మతాధికారి 1789లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్నాక ఇట్లా ఇసుకలో రాసుకుంటున్న పిల్లలను చూశాడు. తన దగ్గరి ఉపాధ్యాయులు అట్లా నేర్పడానికి ఇష్టపడకపోతే ఒక పిల్లాడిని పెట్టి చిన్నవాళ్ళకు చెప్పించాడు. కుదిరింది. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు. అదే రోజుల్లో జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన లండన్‌లో ఒకే హాల్లో వందల మంది పిల్లలను కూచోబెట్టి, మానిటర్లు అనే పెద్ద పిల్లలతో చెప్పించి, ఒక్క మాస్టారుతో బడి నడిపాడు.

ఇంకో ముచ్చట. మద్రాసు గవర్నర్ మన్రో 1822లో జిల్లాల్లో బడుల లెక్క తీయమంటే, బళ్ళారి కలెక్టర్ కాంప్‌బెల్ 1823లో రిపోర్టు రాశాడు. బళ్ళారి అంటే తెలుగు బడులూ కన్నడ బడులూ రెండూ ఉన్న జిల్లా. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం, అట్లా చెప్తూ తమకు వచ్చినదాన్ని గట్టిపరచుకోవడం మెచ్చుకోదగ్గ పద్ధతి, ఇంగ్లండ్ దాన్ని అనుసరించడం న్యాయమే అని రాశాడు. అదే రిపోర్టులో పిల్లలు అర్థం తెలియని పద్యాలను చిలక పలుకుల్లా వల్లిస్తున్నారని కూడా రాశాడు. మనవాళ్ళు మొదటి మాట ఒక్కటే చెప్పుకుని మురిసిపోతారు. రెండోది కూడా ఆయనదే.

ఇంగ్లండ్‌లో ఆ పద్ధతి ఎందుకు పోయింది? మానిటర్‌కు వచ్చింది తక్కువ, చెప్పింది ఇంకా తక్కువ. వాడు అప్పజెప్పించుకునేవాడే తప్ప ఎందుకు అని అడిగితే జవాబు లేదు. ప్రభుత్వాలకు, చందాలిచ్చే వాళ్ళకు నచ్చింది ఒక్కటే, చవక. కాబట్టి అమ్మాయీ, నీ అనుమానం తప్పు కాదు. పిల్లలు చెప్పుకోవడం మంచిదే, ఉపాధ్యాయుడి బదులుగా చెప్పుకోవడం చెడ్డది.

కాజీపేట_జంక్షన్:
అంటే మన దగ్గర్నుంచి తీస్కపోయి, కోటు తొడిగి, యాక్టివిటీ అని పేరు పెట్టి మనకే అమ్ముతున్నరు. ఫీజుతో సహా.

సార్, చిన్నప్పుడు మా బళ్ళో స్వపరిపాలన దినోత్సవం నాడు నేను పీఈటీ సార్‌ను. విజిల్ ఇచ్చిండ్రు. సాయంత్రం దాకా ఊదిన. నేర్చుకున్నదైతే ఏం లేదు.

రిటైర్డ్_బడిపంతులు:
😄 ఆ రోజు ఆడపిల్లలు చీరలు కట్టుకుని, పెద్దక్కల హ్యాండ్ బ్యాగులు తగిలించుకుని, వారం ముందు నుంచి పాఠం ప్రిపేర్ అయ్యేవాళ్ళు. నవ్వులాటకు కాదు, వాళ్ళలో కొందరు ఆ పాఠాన్ని ఇప్పటికీ చెప్పగలరు. ఏడాదికి ఒక్క రోజే చేస్తాం, అదీ చీర కోసం ఫొటో కోసం.

నిట్_హాస్టల్:
నేను నిట్‌లో సెకండ్ ఇయర్. మా హాస్టల్‌లో మిడ్ ఎగ్జామ్ ముందు రాత్రి నడిచేది పూర్తిగా ఇదే. ఒకడు మధ్యాహ్నం ఎక్కడో నేర్చుకుని వస్తాడు, రాత్రి పది దాటాక వింగ్ మొత్తానికి వాడే ప్రొఫెసర్. ఒకటి గమనించాను, టాపర్ దగ్గర కన్నా నిన్ననే నేర్చుకున్నవాడి దగ్గర తొందరగా అర్థమవుతుంది. టాపర్‌కు అది ఎప్పుడో వచ్చేసింది, తను ఎక్కడ ఇబ్బంది పడ్డాడో మర్చిపోయాడు, "ఇది ఆబ్వియస్ కదా" అంటాడు. నిన్న నేర్చుకున్నవాడికి ఆ గొయ్యి ఎక్కడుందో ఇంకా గుర్తుంది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి దీన్నే క్లాసులో పెట్టాడు. కాసేపు చెప్పి, ఒక ప్రశ్న వేస్తాడు. ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకోవాలి, మాట్లాడకూడదు. తర్వాత పక్కవాడితో వాదించాలి, నీది ఎందుకు తప్పు, నాది ఎందుకు కరెక్ట్ అని. మళ్ళీ ఓటు. సుమారు 30 నుంచి 70 శాతం మందికి వచ్చినప్పుడే వాదన పెట్టాలి అంటారు. అంతకన్నా తక్కువైతే ఎవరికీ రాదు, సారే మళ్ళీ చెప్పాలి. ఎక్కువైతే వాదించడానికి ఏం లేదు, ముందుకు పోవాలి.

టాపర్ మాట విని మిగతా వాళ్ళు ఓటు మార్చుకుంటారంతే కదా అని నాకూ డౌటు ఉండేది. 2009లో సైన్స్ పత్రికలో దీని మీదే ఒక పేపర్ వచ్చింది. వాదన అయ్యాక అదే విషయం మీద ఇంకో ప్రశ్న ఇచ్చి ఎవరికి వాళ్ళు రాయమన్నారు. గ్రూపులో మొదట ఎవ్వరికీ జవాబు రాని చోట కూడా వాదించుకున్నాక కొందరికి వచ్చింది.

భీమారం_ట్యూషన్:
హార్వర్డ్ సంగతి నాకు తెలియదు, నా దగ్గరికి సాయంత్రం వచ్చే ఏడో తరగతి పిల్లల సంగతి చెప్తా. ఒక స్కూల్ నుంచి వచ్చే పిల్లలందరూ మైనస్ 3 మైనస్ 5 అంటే ప్లస్ 8 అని రాస్తున్నారు. అందరూ! ఎవరు చెప్పార్రా అంటే లీడర్. ఆ లీడర్ కూడా నా దగ్గరికే వస్తాడు, మంచి పిల్లాడు, లెక్కల్లో చురుకు. వాడిని అడిగితే "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్" అన్నాడు గర్వంగా. గుణకారం రూలు తీసుకొచ్చి కూడికలో పెట్టాడు. గుణకారంలో వాడిది కరెక్టే కాబట్టి స్లిప్ టెస్టులో సగం మార్కులు వచ్చాయి, ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక్కడికి తప్పు వస్తే ఒక్కడిని దిద్దితే పోతుంది. లీడర్‌కు తప్పు వస్తే బెంచీ మొత్తం దిద్దాలి, పైగా పిల్లలు సార్ మాట కన్నా ఫ్రెండ్ మాటే నమ్ముతారు. నేను "మూడు రూపాయలు అప్పు ఉంది, ఇంకో అయిదు అప్పు చేశావు, ఇప్పుడు నీ దగ్గర ఎనిమిది రూపాయలున్నాయా" అని అడిగితే అప్పుడు నవ్వి దిద్దుకున్నారు, మర్నాడు మళ్ళీ కొందరు ప్లస్ 8. అందుకే పిల్లలతో చెప్పించడం నాకు నచ్చదు. రివిజన్‌కు ఓకే, కొత్త పాఠానికి వద్దు.

పరకాల_లెక్కల_సార్:
భీమారం సార్ చెప్పింది అక్షరాలా నిజం, మైనస్ మైనస్ ప్లస్ ప్రతి బళ్ళో ఉంటుంది. కానీ ఆ తప్పు లీడర్ పుట్టించింది కాదు, అంతకుముందే రూలు ఒక్కటే చెప్పి ఎందుకో చెప్పకుండా వదిలిన మాదే. లీడర్ పంచిపెట్టాడంతే. పైగా వాడు చెప్తుంటే సార్ పక్కన నిలబడి విని ఉంటే ఆ రోజే బయటపడేది. వాడి నోట్స్ చూస్తే బయటపడదు, వాడు నోరు తెరిస్తేనే పడుతుంది. కొత్త పాఠానికి వద్దు అన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. మొదట చెప్పాల్సింది మనమే.

నేను చేసేది చెప్తాను, ఇదే గొప్ప అని కాదు. గ్రూపులు పెట్టను. అయిదుగురిలో ఎప్పుడూ ఒకడే మాట్లాడతాడు. జంటలే. ఒకడు చెప్పాలి, రెండోవాడు ఊరికే వినకూడదు, ప్రశ్నలు వేయాలి. ఏ ప్రశ్నలు వేయాలో చిన్న కార్డు మీద రాసి ఇస్తాను, ఎందుకంటే మన పిల్లలకు జవాబు చెప్పడం నేర్పాం కానీ అడగడం నేర్పలేదు. సగం టైం అయ్యాక మారాలి. నేను మధ్యలో తిరుగుతూ వింటాను, దిద్దను, తప్పు వినిపిస్తే గుర్తుపెట్టుకుని చివర్లో అందరి ముందు పేరు చెప్పకుండా బోర్డు మీద వేస్తాను. చివరి పది నిమిషాలు బోర్డు దగ్గరికి పిలిచేది చెప్పినవాడిని కాదు, విన్నవాడిని. వాడు చెప్పగలిగితే ఇద్దరికీ మెప్పు. అప్పుడు చెప్పేవాడికి కూడా వాడికి అర్థం కావాలన్న బాధ ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది. చెప్పినవాడికే ఎక్కువ లాభం అని మనమే అంటున్నాం, మరి చెప్పే అవకాశం ఎప్పుడూ టాపర్‌కే ఇస్తున్నాం. అంటే వచ్చినవాడికే ఇంకా వచ్చేటట్టు చేస్తున్నాం. నేను వెనకబడ్డ పిల్లాడికి రేపటి పాఠంలో ఒక చిన్న ముక్క ఇవాళే విడిగా చెప్పి పంపిస్తాను. రేపు ఆ ముక్కకు వాడే మాస్టారు.

ఒకసారి శాతాల పాఠం. వెనక బెంచీ పిల్లాడు, వాళ్ళ నాన్న పత్తి వేస్తాడు, వాడు ఎనుమాముల మార్కెట్‌కు ట్రాలీ మీద కూచుని పోయివచ్చిన వాడు. క్వింటాల్‌కు రెండు కిలోలు తరుగు తీస్తే ఎంత శాతం అని వాడికి ముందురోజు ఇచ్చాను. మర్నాడు వాడు లేచి, పన్నెండు క్వింటాళ్ళకు 24 కిలోలు తరుగు పోతే, క్వింటాల్ 7,000 ఉంటే ఎంత నష్టం అని క్లాసుకే ప్రశ్న వేశాడు. మొదటి బెంచీ వాళ్ళు సూత్రం రాసుకుని 24 పక్కన 7,000 పెట్టి గుణించి లక్షా అరవై ఎనిమిది వేలు అన్నారు. వీడు పగలబడి నవ్వాడు. "పన్నెండు క్వింటాళ్ళు అమ్మితేనే 84 వేలు, తరుగే లక్ష దాటుతదా? కిలో డెబ్బై, 1,680." శాతం అంటే ఏంటో ఆ రోజు టాపర్లకు వాడు చెప్పాడు. ఆ తర్వాత నుంచి వాడు లెక్కల పీరియడ్ ఎగ్గొట్టలేదు, మిగతా పీరియడ్ల సంగతి నాకు తెలియదు.

కాజీపేట_జంక్షన్:
సార్ మీరు ఏ బడో చెప్పండి, మావోడిని తీసుకొచ్చి వేస్తా.

నర్సంపేట_నాన్న:
ఇంతసేపు లీడర్ల అమ్మానాన్నల బాధే చదివాను. ఇవతలి వాళ్ళ బాధ కూడా వినండి. మా బాబు లీడర్ కాదు, లీడర్ దగ్గర నేర్చుకునేవాడు. ఆ లీడర్ పిల్ల "నీకు రాదులే, రాసుకో" అంటుందట అందరి ముందు. సార్ తిడితే పిల్లలు పట్టించుకోరు, అందరినీ తిడతాడు గనక. తోటి పిల్ల అంటే ఇంటికొచ్చి అన్నం తినడు. మేము కూడా అదే ఫీజు కడుతున్నాం. మా వాడు ఎందుకు ఇంకో పిల్ల దయ మీద చదవాలి?

హన్మకొండ_అమ్మ:
అన్నా, మీరు రాసింది చదివి మా పాపను పిలిచి అడిగాను, నువ్వు ఎప్పుడన్నా అట్లా అన్నావా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. "వాడు ఊరికే కాపీ కొడితే ఏం అనాలి మరి" అంది. అంటే అనే ఉంటుంది. అట్లా అనొద్దని చెప్పాను నేను. కానీ పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లకు ఓపికగా చెప్పడం ఎవరు నేర్పారు, బీఈడీ చదివిన వాళ్ళకే ఓపిక ఉండదు.

రిటైర్డ్_బడిపంతులు:
నర్సంపేట నాయనా, మీ మాటలో న్యాయం ఉంది. ఒకడు ఎప్పుడూ ఇచ్చేవాడు, ఒకడు ఎప్పుడూ పుచ్చుకునేవాడు అయితే ఆ గ్రూపు చెడుతుంది, ఎంత మంచి పిల్లలైనా. దీనికి ఒక ఉపాయం ఉంది. 1971లో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఎలియట్ అరాన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ చేశాడు. అక్కడ అప్పుడే నల్ల, తెల్ల, మెక్సికో మూలాల పిల్లలను ఒకే బడిలో కలిపారు, ఒకళ్ళంటే ఒకళ్ళకు పడదు, గొడవలు. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. నీ ముక్క నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. ఇక ఎదుటివాడిని "నీకు రాదులే" అని నోరు మూయిస్తే నష్టం నీకే.

నేను సోషల్‌లో కాకతీయుల పాఠానికి ఇట్లా చేసేవాణ్ణి. ఒకరికి గణపతిదేవుడు, పాకాల చెరువు. ఒకరికి రేచర్ల రుద్రుడు, రామప్ప గుడి, 1213 శాసనం. ఒకరికి రుద్రమదేవి. ఒకరికి రామప్పలో పునాది కింద ఇసుక ఎందుకు పోశారు, గోపురం ఇటుక నీళ్ళ మీద ఎందుకు తేలుతుంది. ముందు ఒకే ముక్క ఉన్న పిల్లలందరినీ ఒకచోట కూచోబెట్టాలి, వాళ్ళు దాన్ని నేర్చుకుని, తప్పులు దిద్దుకున్నాక సొంత గ్రూపుకు వెళ్ళి చెప్పాలి. ఆ మెట్టు చాలామంది టైం లేదని ఎగ్గొడతారు, ఎగ్గొడితే భీమారం ఆయన చెప్పిన ప్లస్ 8 అవుతుంది. ఇటుక ముక్క మాత్రం నేను ఎప్పుడూ మాట్లాడని పిల్లకే ఇచ్చేవాణ్ణి. ఆ విషయం అందరూ వినాలనుకుంటారు, అడిగి మరీ చెప్పించుకుంటారు.

భీమారం_ట్యూషన్:
సోషల్‌కు కుదురుతుంది సార్. లెక్కల్లో మొదటి ముక్క రాకపోతే రెండో ముక్క అర్థమే కాదు. ముక్కలు చేయలేం.

పరకాల_లెక్కల_సార్:
అది నిజమే. అందుకే నేను జంటలు అన్నది.

డీఎస్సీ_అక్క:
మొన్న 2024 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచర్‌గా వచ్చాను, ములుగు జిల్లాలో పోస్టింగు. ఒక్కదాన్నే టీచర్ని, అయిదు తరగతులు, ఒకటే గది, ఒక వరండా. ఇది చేయాలా వద్దా అని మీరు చర్చిస్తున్నారు, నాకు ఆ భాగ్యం లేదు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగు, అయిదు వాళ్ళు ఖాళీ. మధ్యాహ్న భోజనం లెక్క రాస్తుంటే అందరూ ఖాళీ. కాబట్టి పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చెప్తారు, అంతే.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు ఇట్లాంటి బడుల కోసమే కార్డులు తయారు చేశారు, ఏ పిల్ల ఎక్కడుందో నిచ్చెన మీద చూసుకుని తనే తన కార్డు తీసుకుంటుంది. కర్ణాటకలో నలి కలి దాని నుంచి వచ్చిందే. మాకు సర్కారు వాళ్ళ తొలిమెట్టు కార్యక్రమం ఉంది, స్థాయిని బట్టి చెప్పమంటారు, మంచిదే, కానీ అన్ని స్థాయిలకూ మనిషి ఒక్కతే.

అయితే ఒకటి మాత్రం నేను కళ్ళారా చూశాను. నాలుగో తరగతి పిల్లాడికి ఒత్తులు సరిగా రావు. "అమ్మ" అంటాడు, "రాస్తున్నాడు" దగ్గర ఆగి "రాస...తున" అంటాడు. వాడిని ఒకటో తరగతి పక్కన కూచోబెట్టి గుణింతం చెప్పమన్నాను, అది వాడికి వచ్చు. చిన్నది ఒకతి వాడిని "అన్నా, ఈ కింద ఏంది?" అని ఒత్తు మీద వేలు పెట్టి అడిగింది. వాడు నా వైపు చూశాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. వాడు గోడ మీది చార్టు దగ్గరికి పోయి, ఒత్తులన్నీ వేలితో వెతుక్కుని, తిరిగొచ్చి చెప్పాడు. అంతకుముందు అదే చార్టు చదవమని నేను బతిమాలినా చదవలేదు. నాలుగో తరగతి పుస్తకం ఇస్తే వాడికి సిగ్గు, ఒకటో తరగతి పుస్తకం ఇస్తే ఇంకా సిగ్గు. చిన్నదానికి చెప్పడానికి చదువుతున్నా అంటే సిగ్గు లేదు.

నర్సంపేట_నాన్న:
మేడం ఇది బాగుంది. మా వాడు కూడా ఇంట్లో చెల్లెకు మాత్రం బాగానే చెప్తాడు. ఇట్లా ఎప్పుడూ ఆలోచించలేదు.

లైబ్రరీ_బెంచి:
గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్ళం కొందరం లైబ్రరీ బయట చెట్టు కింద ఇదే చేస్తాం. ఒకడు ఎకానమీ, ఒకడు తెలంగాణ ఉద్యమం, నేను పాలిటీ. ఒక్క రూలు, పేపర్ చూడకుండా చెప్పాలి. చూసి చదివితే చాయ్ వాడే పోయించాలి. ఒకడు వారాల తరబడి వినడానికే వస్తున్నాడు, వాడి టాపిక్ వచ్చిన రోజు జ్వరం. మాక్ టెస్ట్‌లో వాడికే తక్కువ, మాకెవ్వరికీ ఆశ్చర్యం కాలేదు.

హన్మకొండ_అమ్మ:
మీటింగ్ అయింది. పరకాల సార్ చెప్పినట్టే అడిగాను, వినేవాళ్ళు ఏం చేస్తారు సార్ అని. ఆయన కోపం తెచ్చుకోలేదు, నిజం చెప్పారు. "ఎస్ఏ వన్ పరీక్షల లోపు సిలబస్ అవ్వాలి మేడం, క్లాసులో యాభై మంది దాకా ఉన్నారు, అందరి నోట్స్ నేను చూడలేను, లీడర్లు చూస్తే నాకు సాయం" అన్నారు. అంటే బడిపంతులు గారు చెప్పిన చవక సంగతే. సార్‌ది తప్పనాలా, అంత మందిని ఒకే సెక్షన్‌లో కుక్కిన మేనేజ్‌మెంట్‌ది తప్పనాలా తెలియలేదు. లీడర్లను మార్చడానికి ఒప్పుకున్నారు కానీ ఎస్ఏ వన్ అయ్యాకే అన్నారు. నోట్స్ దిద్దే పని లీడర్లకు ఇవ్వొద్దు అన్నాను, దానికి "చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే అందరికీ తెలుసు కదా.

ఆ మాట్లాడని అమ్మాయిది ఏటూరునాగారం ఏజెన్సీ వైపట. ఇక్కడ హాస్టల్‌లో ఉంటుంది. మా పాప నిన్న ఇంటర్వెల్‌లో ఆ అమ్మాయినే "నాకు ఇది చెప్పవా" అని అడిగిందట. చెప్పిందట, కొంచెం.

కాజీపేట_జంక్షన్:
యాభై మందికి ఒక్క సారా? అయితే ఆయన ఫోన్ చూసే టైపు కాదులెండి, పాపం.

డీఎస్సీ_అక్క:
పరకాల సార్, ఆ ప్రశ్నల కార్డు మీద ఏం రాస్తారో ఇక్కడ పెట్టగలరా? నా పిల్లలు చిన్నవాళ్ళు, రెండు మూడు మాటలకు మించి ఉంటే చదవరు.

పరకాల_లెక్కల_సార్:
పెద్దగా ఏం ఉండదమ్మా. "ఇట్లా ఎందుకు చేశావు?" "ఇట్లాంటిదే ఇంకోటి ఇవ్వు, నేను చేస్తా." "ఇప్పుడు నేను చెప్తా, తప్పుంటే ఆపు." ఇవే. హైస్కూల్ వాళ్ళకు నాలుగోది కూడా ఉంటుంది, "ఈ అంకె మారిస్తే ఏమవుతుంది?" అని. మీ పిల్లలకు మొదటి రెండు చాలు. మొదటి వారం కార్డు చూసి పాఠం అప్పజెప్పినట్టు అడుగుతారు, నవ్వొస్తుంది, వదిలేయండి. ఇంకో మాట, ఎవరు ఎవరికి చెప్పాలో మీరే జంట కట్టండి. పిల్లలను ఎంచుకోమంటే ఫ్రెండ్స్ ఫ్రెండ్స్ కూచుంటారు, చివరికి ఎవరూ ఎంచుకోని పిల్ల ఒకతి మిగులుతుంది.

తండా_నుండి_టౌన్‌కు:
డీఎస్సీ అక్కా, ఆ రెండు ప్రశ్నలు గోర్ బోలిలో కావాలంటే తెలుగు అక్షరాల్లో నేను రాసి పెడతా. కార్డు వెనక వైపు వేయండి.

డీఎస్సీ_అక్క:
చాలా థాంక్స్ తమ్ముడూ, కానీ మా దగ్గర ఎక్కువ కోయ పిల్లలు, లంబాడా పిల్లలు ఇద్దరే.

తండా_నుండి_టౌన్‌కు:
కోయ నాకు రాదక్కా. మా రూమ్మేట్‌ది ఏటూరునాగారం దగ్గరే, సెలవుకు ఇంటికి పోయిండు. వాడు వచ్చినంక అడిగి రెండూ కలిపి పెడతా.